పక్కింటి పుస్తకం

అమ్మ పోయిన ఏడాదికి ఆదిలాబాద్‌లో మా పాత ఇల్లు సర్దడానికి వెళ్ళాను. పాత ఇళ్ళ అటకల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇత్తడి గంగాళాలు, గొలుసు తెగిన ఉయ్యాలబల్ల, తాతగారి ఉర్దూ దస్తావేజులు, చెదలు సగం చదివేసిన వారపత్రికలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. వాటి మధ్య పసుపు గుడ్డలో చుట్టిన చిన్న పుస్తకం ఒకటి దొరికింది. ఏ లలితా సహస్రనామమో అయి ఉంటుందని కళ్ళకద్దుకుని గుడ్డ విప్పాను. కొత్త నిబంధన! బైబిల్లో క్రీస్తు కథ ఉండే భాగం. కళ్ళకద్దుకున్నాక ఇంకేం చేస్తాం, పెట్టిన దండం వెనక్కి తీసుకోలేం కదా.

అప్పుడు గుర్తొచ్చింది. నా పెళ్ళికి మా పక్కింటి టీచరమ్మ ఇచ్చిన కానుక అది. స్టీలు డబ్బాలు, గోడ గడియారాలు, రాధాకృష్ణుల బొమ్మలు అన్నీ ఎక్కడివక్కడ సర్దుకున్నాయి గానీ ఆ ఒక్కటీ ఎటూ కాకుండా మిగిలిపోయింది. అత్తవారింటికి తీసుకెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది. పారేసే ధైర్యం అమ్మకి లేకపోయింది. ఎవరి దేవుడిదైనా దేవుడి పుస్తకం, పారేస్తే కళ్ళు పోతాయని భయం. తెరిస్తే మతం పోతుందని ఇంకో భయం. ఆ రెండు భయాల మధ్య ఆ పుస్తకం పసుపు గుడ్డ కట్టుకుని ఇరవై ఏళ్ళకు పైగా అటకెక్కి కూర్చుంది.

నేను ఇంగ్లీషు సాహిత్యం ఒక సబ్జెక్టుగా బి.ఏ. చదివినదాన్ని. మిల్టన్ పాఠం చెప్తూ మా లెక్చరరు బైబిలు తెలియకుండా ఇంగ్లీషు కవిత్వం అర్థం కాదని ఏడాదికి నాలుగు సార్లయినా అనేవారు. మేం గైడు కొని, ఏ పేరు ఎవరిదో బట్టీ పట్టి పాసయ్యాం. అంటే చదవకుండానే అన్నీ తెలిసినట్టు రాయడం నాకు కొత్త కాదు. ఇల్లు సర్దిన ఆ పది రోజులూ మధ్యాహ్నం పూట మొదటిసారి ఆ పుస్తకాన్ని గైడు లేకుండా చదివాను. నవలలు రాసుకునేదాన్ని కాబట్టి నవల చదివినట్టే చదివాను. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఆ మాటకి ఎదుటివాళ్ళ ముఖం ఎలా మారి ఉంటుంది, చెప్పకుండా వదిలేసిందేమిటి అని. ఆ చదువులో నాకు అడ్డం వచ్చినవేమిటో, అవి పక్కకి జరిగాక ఏం కనిపించిందో చెప్తాను.

ముందు ఒక చిత్రం చూడండి. మా ఊళ్ళో మతం తేడా అంటే భయపడేవాళ్ళు ఎక్కువ లేరు. తాతగారి చదువంతా ఉర్దూలోనే. పీర్ల పండక్కి అమ్మ మలీద ముద్దలు చేసి పంపేది. మా ఊరి పెద్దాయన సామల సదాశివగారు (1928–2012) అమ్జద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగులోకి తెచ్చారు. హిందుస్తానీ సంగీతం మీద ఆయన రాసిన 'స్వరలయలు'కి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వస్తే ఊరంతా మనదే అనుకుంది. ఆయన వ్యాసాల్లో ఉస్తాదులూ పండితులూ ఒకే చాప మీద కూర్చుంటారు. అల్లా పేరు మా ఇంట్లో ఎవరి నోటనైనా తేలిగ్గా వచ్చేది. యేసు పేరు మాత్రం రాదు. ఉర్దూలో ఉన్న దేవుడు పరాయివాడు కాలేదు గానీ, అచ్చ తెలుగులో ఉన్న దేవుడు పరాయివాడయ్యాడు. ఎందుకంటారు?

నాకు తోచింది చెప్తాను, ఏమనుకోకండి. నైజాం నాటి మా ప్రాంతంలో ఉర్దూ దర్బారు భాష. అది నేర్చుకుంటే గౌరవం. క్రీస్తు మా ఊహలో రెండు చోట్లే ఉండేవాడు. ఒకటి తెల్లదొర బంగళా, రెండోది ఊరి చివర వాడ. అంటే మరీ పైన, లేదా మరీ కింద. మధ్యలో ఉన్న మాలాంటి గుమాస్తాల ఇళ్ళకి ఆయనతో పని పడలేదు. తర్వాత తర్వాత కేరళ నుంచి వచ్చిన సిస్టర్లు బళ్ళూ ఆసుపత్రులూ నడిపారు. 1999లో మంచిర్యాల కేంద్రంగా ఆదిలాబాద్ పేరుతోనే సీరో మలబార్ క్యాథలిక్కుల మేత్రాసనం ఏర్పడింది. అప్పటికి క్రైస్తవమంటే మళయాళీ నర్సుల మతం అనే మూడో ఊహ కూడా వచ్చి చేరింది. కాన్వెంటులో పిల్లల సీటు కోసం తెల్లవారకముందే లైన్లో నిలబడటానికి మాత్రం ఈ ఊహలేవీ అడ్డు రాలేదు. మెదక్ చర్చి చూడటానికి బస్సులు కట్టుకుని వెళ్ళడానికీ అడ్డు రాలేదు. 1924 క్రిస్మస్ రోజున తెరిచిన ఆ రాతి కట్టడం ముందు ఫొటోలు దిగని ఉత్తర తెలంగాణ కుటుంబం ఎక్కడో గానీ ఉండదు. గోపురం చూశాం, గంట విన్నాం, పుస్తకం తెరవలేదు.

తప్పంతా మనదే అనడం కూడా అన్యాయమే. బస్టాండులో చేతిలో పెట్టే కరపత్రాలు నేనూ చదివాను. మన దేవుళ్ళను రాళ్ళూ రప్పలూ అని తిట్టి, ఆ నోటితోనే ప్రేమ గురించి చెప్తే ఎవరికి చెవికెక్కుతుంది? అలాంటి కరపత్రం ఒకటి చదివినవాళ్ళు అసలు పుస్తకం జోలికి పదేళ్ళు పోరు.

ఇక భాష సంగతి. 1818లోనే శ్రీరాంపూర్‌లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. అప్పటినుంచీ మనకి అలవాటైన బైబిలు తెలుగు గ్రాంథికం. వినుడి, పొందుడి. సినిమాల్లో హాస్యగాళ్ళు పాస్టరు వేషం వేస్తే ఈ 'డి'లనే సాగదీసి నవ్విస్తారు. మనమూ నవ్వాం. తమాషా ఏమిటంటే ఆ సువార్తలు రాసిన గ్రీకు పండితుల గ్రీకు కాదు. సంతలో, ఓడరేవులో జనం మాట్లాడుకునే మామూలు గ్రీకు. ఆ కథలు మొదట చెప్పినాయన మాట్లాడింది ఇంటి భాష అరమాయిక్. సంత మాటలు మన దగ్గరికి వచ్చేసరికి జరీ అంచు ధోవతి కట్టుకుని వచ్చాయన్నమాట. వాడుక భాషలో అనువాదాలు తర్వాత వచ్చాయి గానీ, అప్పటికే మన చెవి ముడుచుకుపోయింది.

అయినా ఆ పాత అనువాదంలో ఒక మాట దగ్గర నేను పెన్సిలు పట్టుకుని ఆగిపోయాను. 'మారుమనస్సు'. మూలంలో మెటనోయా అనే గ్రీకు మాటకి పెట్టిన తెలుగు. పశ్చాత్తాపం అని పెట్టి ఊరుకోవచ్చు. పశ్చాత్తాపమంటే చేసినదానికి తర్వాత కుమిలిపోవడం. అది మనందరికీ రోజూ ఉండేదే. మారుమనస్సు వేరు. మారుపేరు, మారువేషం అంటాం చూడండి, అలా ఇంకో మనసు పెట్టుకోవడం. ఈ మాట కూర్చిన మహానుభావుడెవరో గానీ చేతిలో మంచి తెలుగున్నవాడు. గోడల మీద, ఆటోల వెనక రాసి రాసి అరిగిపోయింది గానీ ఇంత మంచి మాట మన నవలల్లో ఒక్కదాంట్లోనైనా వాడుకున్నామా? నేనైతే వాడలేదు.

కథల్లో నన్ను మొదట ఇబ్బంది పెట్టింది ద్రాక్షతోట కూలీల కథ. మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలో ఉంది. ఒక ఆసామి తెల్లవారగానే వెళ్ళి, రోజుకి ఒక దేనారం చొప్పున మాట్లాడుకుని కూలీలను తోటకి తెచ్చుకుంటాడు. తొమ్మిదింటికి మళ్ళీ వెళ్తాడు, ఇంకొందరిని తెస్తాడు. పన్నెండింటికి, మూడింటికి అంతే. సాయంత్రం అయిదింటికి కూడా వెళ్ళి, ఇంకా నిలబడే ఉన్నవాళ్ళను చూసి ఎందుకిక్కడ ఖాళీగా ఉన్నారంటే, ఎవరూ పిలవలేదంటారు. వాళ్ళనీ తెస్తాడు. పొద్దుగూకాక చివర వచ్చినవాళ్ళతో మొదలుపెట్టి అందరికీ ఒకటే కూలి ఇస్తాడు. పొద్దుటి నుంచీ ఎండలో మాడినవాళ్ళు గొణుగుతారు. నీకు ఒప్పుకున్నది నీకిచ్చాను, నా మంచితనం చూసి నీకెందుకు కడుపుమంట అన్నట్టు జవాబు చెప్తాడు.

చదవగానే నాకొచ్చిన మొదటి మాట, ఇదేం న్యాయం? ముప్పై ఏళ్ళు సర్వీసు చేసినవాడికీ మొన్న చేరినవాడికీ ఒకటే జీతమంటే ఏ ఆఫీసులో ఒప్పుకుంటారు? పుస్తకం మూసేశాను. మర్నాడు పొద్దున్నే పాలకి వెళ్తే చౌరస్తాలో అడ్డా కనిపించింది. ఆదిలాబాద్ చలి తెలిసినవాళ్ళకి తెలుసు, డిసెంబరు పొద్దు ఎముకలు కొరుకుతుంది. ఆ చలిలో పారలూ గంపలూ పట్టుకుని జనం. మేస్త్రీలు బళ్ళ మీద వస్తారు, చూపుతోనే ఏరుకుంటారు. ముందు కండ ఉన్న కుర్రాళ్ళు పోతారు. పది దాటాక నేను మళ్ళీ అటు వెళ్తే ఎవరు మిగిలారో చూశాను. ముసలివాళ్ళు, చంకన పిల్ల ఉన్న ఒకావిడ, కాలు ఈడ్చే ఒకాయన. పత్తి తీసే రోజుల్లోనైతే కిలో లెక్కన కూలి. వేళ్ళు చురుగ్గా ఆడినవాళ్ళకి ఎక్కువ, ఆడనివాళ్ళకి తక్కువ. ఆకలి మాత్రం కిలో లెక్కన వేయదు.

అప్పుడు అర్థమైంది, ఆ కథలో అయిదింటిదాకా మిగిలినవాళ్ళు సోమరులని నేనెందుకు అనుకున్నానో. కథ ఆ మాట ఎక్కడా అనలేదు. ఎవరూ పిలవలేదని మాత్రమే ఉంది. సోమరులన్న మాట నేను ఇంట్లోంచి తెచ్చుకున్నాను. దేనారం ఆ రోజుల్లో ఒక రోజు కూలి. అంటే ఒక ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగడానికి కావలసినంత. గంట పని చేశాడని అందులో పన్నెండో వంతు ఇస్తే ఇంటికి ఏం పట్టుకెళ్తాడు?

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే పాపం. ఈ కథలో చివరి కూలివాడి గురించిన మాటనే పేరుగా పెట్టి జాన్ రస్కిన్ 1860లో వ్యాసాలు రాశాడు, 1862లో అవి పుస్తకమయ్యాయి. 1904లో జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్తూ రైల్లో గాంధీగారు ఆ పుస్తకం చదివారు. రాత్రంతా నిద్రపోలేదు. 1908లో దాని సారాన్ని గుజరాతీలో రాస్తూ పెట్టిన పేరే 'సర్వోదయ'. మనం వేదకాలం నాటి మాటేమో అనుకుని గౌరవించే సర్వోదయం ఆ ద్రాక్షతోట అడ్డా మీద పుట్టిందన్నమాట! 1951లో వినోబా వార్ధా పక్కన పవనార్ నుంచి హైదరాబాద్ పక్కన శివరాంపల్లికి కాలినడకన వచ్చింది సర్వోదయ సమ్మేళనానికే. అక్కణ్ణుంచి నల్లగొండ వైపు నడిచి, ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. ఖద్దరు కట్టుకుని వస్తే లేచి నిలబడ్డాం. అదే మాట శిలువ వేసుకుని వస్తే తలుపేసుకున్నాం.

అందుకని 'చూశారా, అంతా మన దాంట్లో ఉన్నదే' అని మాత్రం అనకండి. మా బాపుకి ఆ అలవాటుండేది. చాలా ఉదారుడు. ఏ మతమైనా ఒకటే చెప్తుందనేవాడు. ఆ మాట ఒకసారి అనేస్తే ఇక ఏదీ చదవక్కర్లేదు. ఎంత హాయి! ఆయన అలాగే ఏదీ చదవకుండా అందరినీ గౌరవించి వెళ్ళిపోయాడు. మనలాంటి చదువుకున్న ఇళ్ళలో ద్వేషం కన్నా ఈ ఉదారత్వమే పెద్ద అడ్డమని నాకనిపిస్తుంది. ద్వేషించేవాడు కనీసం ఎదుటివాడు వేరే ఏదో అంటున్నాడని ఒప్పుకుంటాడు.

మనం చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత మహదేవా అంటాం. అమ్మ రోజుకి పదిసార్లు అనేది. ఆ సామెతనీ ద్రాక్షతోటనీ పక్కపక్కన పెట్టి చూడండి, రెండూ ఒక గదిలో ఇమడవు. ఆ కథ చేసుకోనివాడికీ అంతే ఇస్తానంటుంది. ఇది కర్మ సిద్ధాంతం కాదు, దానికి అడ్డం తిరిగే మాట. నచ్చితే నచ్చనీ, లేకపోతే లేదు, ముందు వేరే మాటగా వినాలి కదా. నాకు ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు. పొద్దుటినుంచీ మాడినవాళ్ళ వైపు నా మనసు కొంచెం మిగిలే ఉంది. మెత్తగా, జోలపాటలా ఉంటుందనుకున్న పుస్తకం నాతో ఇలా వాదన పెట్టుకుంటుందని అనుకోలేదు. 1978లో వచ్చిన 'కరుణామయుడు' సినిమాలో విజయచందర్ ముఖమే నాకు క్రీస్తు ముఖం. చిన్నప్పుడు చూసి ఏడ్చాను. ఆ ముఖంలో అంతా దయే. పుస్తకంలో ఉన్నాయన దయతో పాటు మాట పదును కూడా ఉన్నవాడు. పెద్దమనుషుల భోజనాల బల్ల దగ్గర కూర్చుని వాళ్ళనే తప్పుపట్టేవాడు.

ఇప్పుడు చెప్పడానికి కొంచెం కష్టమైనది. యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో బావి దగ్గర సమరయ స్త్రీ ఉంది. మిట్టమధ్యాహ్నం నీళ్ళకి వస్తుంది. క్రీస్తు అలిసిపోయి బావి గట్టు మీద కూర్చుని, తాగడానికి నీళ్ళిమ్మని అడుగుతాడు. ఆమె ఆశ్చర్యపోతుంది. యూదుడివై ఉండి నన్నెలా అడుగుతున్నావంటుంది. యూదులకీ సమరయులకీ పొత్తు లేదని కథకుడు పక్కన ఒక మాట చేరుస్తాడు. ఆ గ్రీకు క్రియకి కొందరు పండితులు చెప్పే అర్థం వింటే మన ఇళ్ళవాళ్ళెవరికైనా గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది. వాళ్ళ పాత్రలు వీళ్ళు వాడరని.

మా వంటింటి కిటికీలో ఒక స్టీలు గిలాస ఉండేది. అంచు కింద మేకుతో గీసిన గీత. టీచరమ్మ వస్తే అమ్మ అందులోనే ఛాయ్ పోసేది. ఆమె తాగాక పంపు దగ్గర పెట్టేది. అమ్మ దాన్ని వేరేగా కడిగి మళ్ళీ కిటికీలో బోర్లించేది. మా ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. ఇద్దరూ ముప్పై ఏళ్ళు గోడకి చెరో వైపు నిలబడి కూరగాయల ధరల నుంచి నా కాన్పు దాకా అన్నీ మాట్లాడుకున్నారు. క్రిస్మస్‌కి టీచరమ్మ పంపే కేకు, గుడ్డు ఉందని పనిమనిషికి వెళ్ళిపోయేది. పొద్దున్నే ఆమె పాడుకునే కీర్తన గోడ దాటి వస్తే అమ్మ బియ్యం ఏరుతూ తలూపేది. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు మన రాగాల్లోనే, పల్లవీ చరణాలతోనే ఉంటాయి. ఎవరో తత్త్వం పాడుతున్నారనుకోవచ్చు. మధ్యలో యేసు పేరు వినపడగానే అమ్మ తల ఆగిపోయేది. చెవి ఒప్పుకున్నదాన్ని పేరు వద్దనేది.

ఇల్లు సర్దుతుండగా టీచరమ్మ చూడటానికి వచ్చింది. రిటైరై చాలా ఏళ్ళయింది, మోకాళ్ళ నొప్పులు. గిన్నెలన్నీ మూటల్లోకి వెళ్ళిపోయాయి. బయట మిగిలినవి ఒక కప్పు, కిటికీలోని ఆ గిలాస. కప్పులో ఆమెకి పోసి, గిలాసలో నేను పోసుకున్నాను. ఆమె చూసింది.

"అది నా గిలాస గదా బిడ్డా" అంది.

నాకు మాట రాలేదు. ఆమే మళ్ళీ అంది: "మీ అమ్మ నాకెన్నడూ చల్లారిన ఛాయ్ ఇయ్యలే."

అది క్షమించడమో, లెక్క అప్పజెప్పడమో నాకు ఇవాళ్టికీ తెలియదు. గిలాస వేరుగా పెట్టేవాళ్ళకి ఆమె పూర్వం కులమే గుర్తు. సర్కారు కాగితం సంగతి చూస్తే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులు ఎస్సీలు కారు, మన దగ్గర వాళ్ళను బి.సి. 'సి'లో రాస్తారు. కాగితంలో కులం మారుతుంది, కిటికీలో మారదు. చర్చి లోపలికి కూడా కులం చెప్పులు విప్పి రాలేదని క్రైస్తవులే చెప్తారు.

గుర్రం జాషువా గురించి ఈ మాటల మధ్యే అనుకోవాలి. 1895లో వినుకొండలో పుట్టిన క్రైస్తవ కవి. 1941 నాటి 'గబ్బిలం'లో గుడిలోకి పోలేని మనిషి చేత గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి కబురు పంపించాడు. మాకు బళ్ళో పాఠమూ చెప్పారు, పద్యాలూ అప్పజెప్పాం. ఆయనకి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిన కావ్యం మాత్రం 'క్రీస్తు చరిత్ర'. ఆ పేరు మా పరీక్షల్లో ఖాళీలు పూరించడానికి పనికొచ్చింది, అంతే. శివుడికి కబురు పంపిన జాషువాని చదివాం. క్రీస్తు కథ చెప్పిన జాషువాని బహుమతి పేరుతో సరిపెట్టాం. హిందూ కథలు రాస్తాడని ఆయన్ని అటువాళ్ళూ దూరం పెట్టారు, కులం పేరుతో ఇటువాళ్ళూ దూరం పెట్టారు. ఆయన గిలాస రెండిళ్ళ కిటికీల్లోనూ బోర్లించే ఉందన్నమాట.

సమరయ స్త్రీ దగ్గరికి మళ్ళీ వస్తాను. ప్రసంగాల్లో ఆమె గురించి చెప్పేటప్పుడు అయిదుగురు భర్తల మాటే పెద్దది చేస్తారట. టీచరమ్మే చెప్పింది. ఆమె చెడిపోయిందని కథలో ఎక్కడా లేదు. ఆ కాలంలో ఆడదానికి భర్త పోవచ్చు, వదిలేయవచ్చు, అయిదు సార్లు ఏమేం జరిగిందో ఎవరికి తెలుసు? కథ ఆమెని తిట్టదు. అంత పొడుగు మాటలు, దేవుణ్ణి ఎక్కడ కొలవాలన్నంత పెద్ద చర్చ, ఆమెతోనే నడుస్తుంది. చివర ఆమె కుండ అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరిగెడుతుంది. నీళ్ళకి వచ్చిన ఆడది కుండ మర్చిపోయిందంటే ఎంత కదిలిపోయి ఉండాలి! ఆ కుండ పెట్టిన కథకుడికి నేను దండం పెడతాను. సమరయుడంటే మనకి ఇప్పుడు రోడ్డు ప్రమాదంలో సాయపడే మంచివాడు. 2019 మోటారు వాహనాల చట్టం సవరణలో కూడా ఆ పేరు ఎక్కింది. పేరు అంత మంచిదైపోయాక అందులో ఉన్న ముల్లు పోయింది. ఆ రోజు వింటున్నవాళ్ళకి సమరయుడు పాత్ర ముట్టుకోకూడనివాడు.

లూకా సువార్త పదిహేనో అధ్యాయంలో మరో చిన్న కథ ఉంది, ఆడవాళ్ళం మనం తప్పక చూడాలి. పది నాణేల్లో ఒకటి పోతే ఒకావిడ దీపం వెలిగించి ఇల్లంతా ఊడ్చి వెతుకుతుంది. దొరికాక ఇరుగుపొరుగు అమ్మలక్కలను పిలిచి సంబరం చేసుకుంటుంది. ముక్కుపుడక మర పోయినప్పుడు మంచం కిందికి దూరి వెతకని వాళ్ళెవరు? ఆ అమ్మలక్కలకి పెట్టిన ఫలహారం ఖర్చు దొరికిన నాణేనికి మించి ఉంటుందని నా అనుమానం. ఈ కథకి ముందున్నది తప్పిపోయిన గొర్రె కథ. భుజాన గొర్రెపిల్లతో క్రీస్తు బొమ్మ ఎన్ని క్యాలెండర్ల మీద చూశామో లెక్కలేదు. దేవుణ్ణి గొర్రెల కాపరితో పోల్చిన నోటితోనే ఇల్లూడ్చే ఇల్లాలితో కూడా పోల్చాడు. చీపురు పట్టుకున్న దేవుడి బొమ్మ ఏ క్యాలెండరు మీదైనా చూశారా?

ఆఖరికి మార్త. ఈ విషయంలో నాకూ టీచరమ్మకీ గట్టిగానే అయింది.

లూకాలో అయిదే అయిదు వచనాల కథ. మార్త ఇంటికి క్రీస్తు వస్తాడు. చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింటుంది. మార్త ఒక్కతే వంటింట్లో సతమతమై, వచ్చి ఫిర్యాదు చేస్తుంది. చెల్లెలికి నాకు సాయం చెయ్యమని చెప్పకూడదా అని. నీకెన్నో చింతలు, కావలసింది ఒక్కటే, మరియ మంచిది ఎంచుకుందని ఆయన సమాధానం. చదవగానే నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చిన చుట్టం హాయిగా కూర్చుని, వండేదాన్ని పట్టుకుని నీకు చింతలెక్కువ అంటే ఎవరికి మండదు? అదే మాట టీచరమ్మతో అన్నాను.

"పాదాల దగ్గర కూర్చునుడంటే ఏందనుకున్నవు?" అంది ఆమె. "శిష్యుడు కూసునే జాగ. పౌలు గమలియేలు పాదాల దగ్గర చదువుకున్నడు. ఆడపిల్లకు ఆ జాగ ఎవలిచ్చిండ్రు? నన్ను బడికి పంపద్దని మా ఇంట్ల ఎంత లొల్లి అయిందో నీకేమెరుక. మరియను వంటింట్లకు తోలకు అన్నడాయన. అది చాలదా?"

చాలుతుంది. ఒప్పుకున్నాను. పదేళ్ళ పిల్లలకి నలభై ఏళ్ళు చదువు చెప్పిన మనిషి ఆ కథని ఏ వాక్యం పట్టుకుని చదువుకుందో నాకు తెలియలేదు. నేను బయటి నుంచి కథగా చదివాను, ఆమె దాని మీద బతుకు నిలబెట్టుకుంది. నా కొత్త చూపు ఎంత గొప్పదైనా ఆమె ముందు కొంచెం కురచే.

"యోహాను పదకొండు కూడా చదువు" అని మళ్ళీ అంది. "తమ్ముడు లాజరు సచ్చిపోతే ఊరి బయటకు ఎదురుబోయింది మార్తనే. నీ మీద నమ్మికున్నదని ఆయనతోని చెప్పింది ఆ వంటమనిషే. మరియ ఇంట్లనే కూసున్నది."

ఆ రాత్రి చదివాను. నిజమే. మార్త ఆ మాట అనకముందు, నువ్విక్కడ ఉంటే నా తమ్ముడు చచ్చేవాడు కాడని ఆయన్నే నిలదీస్తుంది. ఫిర్యాదు చేసే గుణం ఆమెకి పోలేదు. నాకు ఆమె మరీ నచ్చేసింది. మర్నాడు గోడ దగ్గర టీచరమ్మతో అదే చెప్పి, ఉండబట్టలేక ఇంకో మాట అడిగాను.

"అంతా బాగుంది గానీ టీచరమ్మా, ఆ పూట వంట సంగతేమైంది? మార్త మళ్ళీ లోపలికి వెళ్ళిందా? ఆయనే లేచి కూరలు తరిగాడా? లూకా ఆ మాట రాయలేదేం?"

టీచరమ్మ నవ్వబోయి ఆగింది. క్రిస్మస్ దగ్గరపడింది. చర్చిలో ప్రేమ విందుకి రెండు వందల మందికి వండాలి. ఏటా వండేది ఆమె, ఇంకో ఆరుగురు ఆడవాళ్ళు. ప్రసంగం జరుగుతున్నంతసేపూ వాళ్ళు వెనక పొయ్యి దగ్గరే ఉంటారు.

"యాభై ఏండ్ల సంది వింటున్న ఆ వాక్యం" అంది కాసేపటికి. "గీ సంగతి నాకు తట్టనే లేదు. ఉండు, ఆదివారం అయ్యగారిని అడుగుత."